వారం రోజుల రాజు, మా అమ్మ

మా అమ్మ పుట్టింది రంగూన్‌లో. ఆ సంగతి ఎవరికీ చెప్పదు. చిన్నతనంలో ఓడెక్కి విశాఖపట్నం వచ్చిన కొత్తలో బడిపిల్లలు "బర్మాదానా" అని ఏడిపించారట. అప్పటినుంచి ఏ ఊరని ఎవరడిగినా వైజాగ్ అని తేల్చేస్తుంది. కెనడాలో మా దగ్గరికి వచ్చాక కూడా అదే పాట. నాకు ఒళ్ళు మండేది. పుట్టిన ఊరిని దొంగసొత్తులా దాచుకోవడం దేనికి?

ఈ ఏడు మా తెలుగు సంఘం వేడుకలో పిల్లలు తలా ఒక రాజు వేషం వేసి, ఆ రాజు గురించి తెలుగులో చెప్పాలన్నారు. రాయలవారి కోసం తల్లులు కొట్టుకున్నంత పని చేశారు. మా అమ్మాయి మాత్రం అమ్మమ్మ చెప్పిన బర్మా రాజు కథ పట్టుకు కూర్చుంది.

ఆ రాజు పసివాడుగా ఉండగానే తండ్రి పోయాడు. బాబాయి గద్దెనెక్కి, పిల్లవాణ్ణి బౌద్ధ సన్యాసుల దగ్గర పెంచాడు. బాబాయి తర్వాత ఆయన కొడుకు రాజయ్యాడు. అతను తీర్థయాత్రకు వెళ్ళిన సమయం చూసి, ఇరవై అయినా నిండని మన కుర్రవాడు సింహాసనం ఎక్కాడు. ఎక్కాక మిగిలిన బాబాయిలను పిలిచి, కావాలంటే మీరే తీసుకోండి అన్నాడట. వాళ్ళు వద్దన్నారు. వారం గడిచీ గడవకముందే వాళ్ళలో ఒకాయన గద్దె లాక్కుని, కుర్రవాణ్ణి ఏట్లో ముంచి చంపించాడు.

"మన రాజు కాదు కదమ్మా! పైగా వారం రోజులే," అన్నారు రిహార్సల్‌లో సంఘం పెద్దాయన.

అమ్మ ముఖం చిన్నబోయింది. "పోనీలేవే, ఇంకో రాజును చూసుకుందాం," అంది మనవరాలితో.

"నో అమ్మమ్మా. ఐ వాంట్ హిమ్," అంది మా పిల్ల. మొండితనం నా పోలికే, ఒప్పుకుంటాను.

వేడుక రోజున అమ్మ దానికి పట్టు లుంగీ కట్టి, గులాబిరంగు తలపాగా చుట్టింది. బర్మాలో చిన్నాపెద్దా అందరూ రాసుకునే చెక్క గంధాన్ని బుగ్గల మీద గుండ్రంగా పూసింది. తెర వెనక ఒక ఆంటీ చూసి, "అయ్యో, సున్నిపిండి కడగడం మర్చిపోయారా!" అంటూ తడి టిష్యూతో బుగ్గలు రెండూ తుడిచేసింది. ఆవిడను దులిపేద్దామని నేను నోరు తెరిచాను. అంతలో అమ్మ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి డబ్బీ తీసింది.

"అది సున్నిపిండి కాదండీ. మా బర్మాలో ఇలాగే రాసుకుంటాం," అంటూ నింపాదిగా మళ్ళీ పూసింది. మా బర్మా! ఆ మాట అమ్మ నోట నేనెప్పుడూ వినలేదు.

మా అమ్మాయి వచ్చీరాని తెలుగులో కథంతా చెప్పింది. పెద్దాయన మైకు అందుకుని, "వారం రోజుల్లో ఏం చేశాడమ్మా మీ రాజు?" అని నవ్వారు.

"బాబాయిల్ని అడిగాడు అంకుల్, థ్రోన్ మీకు కావాలా అని. వాళ్ళు వద్దని లై చెప్పారు. రాజు లై చెప్పలేదు."

"ఇదంతా నీకెవరు చెప్పారమ్మా?" అన్నారాయన, ఈసారి మెల్లగా.

చివరి వరుసలోంచి అమ్మ లేచింది. "నేనేనండీ. మాది రంగూన్."

చప్పట్లు మొదలయ్యాయి. గర్వంతో నాకు ఏడుపొచ్చింది. సిగ్గుపడి కూర్చుండిపోతుందేమో అనుకున్నాను. అమ్మ కూర్చోలేదు. చప్పట్లు ఆగేదాకా తల ఎత్తుకుని నిలబడే ఉంది.