మందు కొట్టని వీధి

ఉప్పేసి ఎండబెట్టిన చేపకైనా ఏడాది తిరిగేసరికి పురుగు పడుతుంది. నేను దాచుకున్న మాట మాత్రం ఇన్నేళ్ళూ చెక్కుచెదరలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

కళింగపట్నం దగ్గర మాదొక చిన్న పల్లె. అప్పట్లో నేను మా వీధికి వార్డు మెంబరును. సముద్రంలో చేపల వేట నిషేధం రోజులు. ఆ ఉదయం ఇప్పటికీ కలలోలాగే కనిపిస్తుంది. సముద్రమూ ఆకాశమూ ఒకే రంగులో కలిసిపోయి, ఎక్కడా చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దంలోంచి దోమల మందు కొట్టే మనిషి నడిచి వచ్చాడు. మందు కొట్టిన ఇంటి గోడ మీద గుర్తు వేయడం వాళ్ళ పద్ధతి.

"ఇళ్ళ నిండా ఎండు నెత్తళ్ళ చేపలున్నాయి. మందు కంపు తగిలితే బేరగాడు ముట్టుకుంటాడేటి? గుర్తులేసి ఎల్లిపో" అన్నాను.

"కొట్టకుండా ఎలా యెయ్యనమ్మా? రేపు నా మీదకొస్తాది."

"రాదు. నానున్నాను కదా."

వీధంతా గుర్తులు వేసి వెళ్ళిపోయాడు.

వేట మొదలయ్యే నాటికి మా వీధిలో ఇంటింటా మలేరియా. పక్క వీధుల్లో ఎక్కడో ఒకరికి. చేప బాగా పడే రోజుల్లో మనుషులు చాలక మా పడవలు ఇసుక మీదే ఉండిపోయాయి. రాజాం బేరగాడి బండి ఖాళీగా తిరిగిపోయింది. దోమల మందుకు ప్రభుత్వం తగలేసే డబ్బు దండగని నవ్వినదాన్ని నేనే. ఆ కాస్త ఖర్చే మా పడవలన్నిటినీ నీళ్ళ మీదికి పంపుతోందని, గంజికి కూడా వెతుక్కునే రోజు వచ్చాక తెలిసింది. ఆ జ్వరంలోనే నా మరిది పోయాడు.

పైనుంచి విచారణకు వచ్చారు. గోడల మీద గుర్తులున్నాయి, మందు జాడ లేదు. మందు కొట్టే మనిషి నా వంక చూశాడు. నేను సముద్రం వంక చూశాను. అతని పని పోయింది.

ఎందుకు నోరు విప్పలేదు? పరువు కోసమా? మరిది పోయిన ఇంట్లో ఆ మాట అని ఎలా బతకాలో తెలియకనా? నన్ను నేను ఎన్నిసార్లు ప్రశ్నించుకున్నా ఒక్కోసారి ఒక్కో జవాబు చెప్పుకుంటాను, ఏదీ నేనే నమ్మను. సిగ్గుగా ఉంది.

ఆ మరిది భార్య, నా తోటికోడలు, ఇప్పటికీ నా పక్కనే కూర్చుని చేపలు తిరగేస్తుంది. ఉండుండి, "ఆడు మందు కొట్టుంటే నీ మరిది బతికుండీవోడు అప్పా" అంటుంది. నేను ఊఁ కొడతాను. నిన్న కూడా అంది. ఊఁ అనడానికి నాకు నోరు రాలేదు. ఆమె చేతులాపి నా మొహం చూసింది. ఆమెకు చెప్పలేకపోయాను. మీకు చెబుతున్నాను. మందు కొట్టొద్దన్నది నేను.