మూరన్నర తక్కువ వంతెన

లబాసా నుంచి సింహాద్రి రాయించిన ఉత్తరం, సముద్రం ఇవతలి దీవిలో నేను వడ్రంగం చేసే పెనాంగ్ చక్కెర మిల్లులో నా చేతికందింది. గిర్మిట్ అనే నా అయిదేళ్ల కూలి ఒప్పందం ఆఖర్లో కూలి లైన్లలో నా పక్క గదికి వచ్చిన మనిషి అతను. భార్య అచ్చమ్మకు కొడుకు పుట్టాడట, పాలు పడలేదట. ఆమెతో ఒకే ఓడలో వచ్చిన గౌరమ్మకు చంటిపిల్ల ఉంది, ఇద్దరికి సరిపడా పాలున్నాయి. కానీ గౌరమ్మది ఏటి అవతలి ఎస్టేటు. రెండు ఎస్టేట్లకూ ఆ ఏరే సరిహద్దు. ఇప్పుడు మోకాటి లోతే కాబట్టి చీకటి మాటున దాటి పాలు పట్టిస్తున్నారు. వానలు పడితే బిడ్డ గతేమిటి?

వంతెనకు కలప ఇస్తామని దొరలు ఒప్పుకున్నారు, ఎవరి సగం వాళ్ల మనుషులే కట్టాలన్న షరతు మీద. ఆ ఏరు నాకు కొట్టిన పిండి. వెంటనే జవాబు రాయించాను: మధ్యలో ఉన్న సరిహద్దు బండ దాకా ఇటు పద్నాలుగు మూరలు, అటు పద్నాలుగు మూరలు. గుంజలు పాతి, పలకలు కోసి ఉంచండి, బిగించడానికి నేనొస్తాను.

శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి చిన్న స్టీమరెక్కాను. డెక్కు మీద చోటుకు నాలుగు షిల్లింగులు. రొట్టెలూ బెండకాయ వేపుడూ మూటగట్టుకున్నాను, కానీ కెరటాలు వాటిని కడుపులో ఉండనివ్వలేదు. నా పక్కన లోవు అనే ఊరి నుంచి వస్తున్న పెద్దాయనొకడు నా అవస్థ చూసి తెగ మురిసిపోయాడు.

"ఏటి బాబూ, రంపాన్ని అలగ వాటేసుకున్నావు? కొత్త పెళ్లావా?"

"పెళ్లామైతే టిక్కెట్టు అడుగుతారని రంపాన్ని తెచ్చాను" అన్నాను. ఆ తర్వాత ఆయన తన దుప్పటి సగం నాకిచ్చాడు.

శనివారం పదింటికి లబాసాలో దిగి, రెండు పెన్నీలకు టీ తాగి, పొలాలకు పోయే ఖాళీ చెరకు బళ్ల రైలెక్కాను. దానికి టిక్కెట్టు లేదు, కూర్చునే చోటూ లేదు. పన్నెండున్నరకు దిగి గంటన్నర నడిస్తే లైన్లు వచ్చాయి. అచ్చమ్మ ఉడికించిన కర్రపెండలం, ఎండుచేప పెట్టింది. బిడ్డ బొద్దుగా ఉన్నాడు. నేను ఎత్తుకోగానే నా మీసం పీకాడు.

"గౌరి పాలన్నా, అంత బలం" అంది అచ్చమ్మ. నవ్వుతూనే కొండల మీది మబ్బుల వైపు చూసింది.

ఆదివారం పనికి సెలవు. ఆరింటికే రెండు ఒడ్లా జనం దిగారు. పాసు లేకుండా ఎవరూ బండ దాటకూడదు. గిర్మిట్ తీరినవాణ్ని కాబట్టి అటూ ఇటూ తిరిగే భాగ్యం నా ఒక్కడిదే, దర్జాగా తిరిగాను. రెండింటికల్లా చివరి పలక బిగించాం. తీరా చూస్తే ఇటు సగం బండ దాకా వచ్చింది, అటు సగం రాలేదు. మధ్యలో మూరన్నర ఖాళీ.

అవతలి ఒడ్డున కోత పని చూసింది గౌరమ్మ మొగుడు పోలయ్య. "నాను పద్నాలుగే కోసినానన్నా. కావలిస్తే మళ్లా కొలుసుకో" అని తన మోచేతితో కొలిచి చూపించాడు. సరిగ్గా పద్నాలుగు. నేనూ సింహాద్రీ పొడుగు మనుషులం, పోలయ్య నా ఛాతీ దాకా వస్తాడు. ఒక కొలకర్ర కోసి పంపాలన్న బుద్ధి నాకు లేకపోయింది. ఇన్నేళ్ల వడ్రంగం ఏట్లో కలిసిందని సిగ్గుతో చచ్చిపోయాను. కలప కూడా అయిపోయింది.

నాలుగింటికి ఇద్దరు కులంబర్లు, అదే తెల్ల ఓవర్సీర్లు, చెరో ఒడ్డునా గుర్రాల మీద వచ్చారు. వంతెన చూసి తలలూపి, కూలీల మేస్త్రీ అయిన సర్దారు చేత చాటించారు: రేపట్నుంచి కాపలా ఉంటుంది, పాసు లేకుండా బండ దాటినవాళ్లకి కోర్టే. పాసులు ఆదివారమే ఇస్తారు. మరి తక్కిన ఆరు రోజులూ బిడ్డ ఏం తాగాలి? నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు అచ్చమ్మ బిడ్డనెత్తుకుని పలకల మీద నడిచి వచ్చి బండ దగ్గర ఆగింది. అటునుంచి గౌరమ్మ వచ్చి తన సగం చివర కూర్చుని చేతులు చాచింది. మూరన్నర మీదుగా బిడ్డ ఈ చేతుల్లోంచి ఆ చేతుల్లోకి వెళ్లాడు. ఆవిడ కొంగు కప్పి పాలు పట్టింది.

"ఎవరు దాటింది?" అని సర్దారు అరిచాడు.

"మేం దాటలేదు బాబూ. దాటినోడికి గిర్మిట్ లేదు" అన్నాడు సింహాద్రి.

అవతలి కులంబరు ముందు నవ్వాడు. ఇవతలివాడు కాసేపు మొహం ముడుచుకుని, గుర్రం తిప్పుకుని వెళ్లిపోయాడు.

సోమవారం తెల్లవారుతూనే వాన పట్టుకుంది. ఏరు నడుం లోతుకు లేచింది. గుంజలు కదలలేదు. పట్నంలో పలకొకటి సంపాదించి పంపుతానని అచ్చమ్మతో అన్నాను.

"వొద్దన్నా. అది కలిసిపోతే, దాటేస్తన్నారని మమ్మల్ని ఆపేస్తారు" అంది.

నాలుగింటి స్టీమరులో తిరుగు ప్రయాణం. తడిసిన బట్టలతో వణుకుతూ కూడా నాలో నేనే నవ్వుకున్నాను. నేను కట్టినవాటిలో ఇంత వంకర పని ఇంకోటి లేదు, ఇంత సంతోషపెట్టిందీ లేదు. మీలో ఎవరైనా అటు వెళ్తే, చెరకు రైలు దిగి గంటన్నర నడవండి, వంతెన కనిపిస్తుంది. చూసి జాలిపడి పలక మాత్రం వెయ్యకండి.