ఇటుకల పండగ... మా అయ్య తుపాకీ

మా చిన్నప్పుడు... చైత్రమాసంలో మా మన్యపోళ్ళ వేట పండగ, ఇటుకల పండగ వచ్చిందంటే ఊరి మగవాళ్ళంతా వేటకు పోయేవారు. ఆడవాళ్ళంతా కుండల్లో పేడనీళ్ళు కలుపుకుని ఊరి మొదట్లో కాపు కాసేవారు. వేట దొరికితే డప్పులు, చిందులు... వట్టిచేతులతో వస్తే మాత్రం నెత్తిన పేడనీళ్ళు, పైగా ఇక్కడ రాయలేని ఎగతాళి! ఆ రోజు ఊరిపెద్దకైనా మినహాయింపు లేదు.

ఇది పంతొమ్మిది వందల ఇరవైల నాటి మాట. తొంభై దాటిన నేను చెబుతుంటే నా మనవరాలు టైపు చేస్తోంది... మధ్యమధ్య "నిజమేనా నానమ్మా?" అని ఆపుతోంది కూడా. నిజమే తల్లీ, రాయి.

పాడేరుకు పైన కొండల్లో మా ఊరు. సర్కారు మీద మన్యం చేసిన పితూరీ చల్లారి ఎన్నాళ్ళో కాలేదు. తుపాకీ ఉన్నవాళ్ళు లైసెన్సు చూపించాలని సర్కారు హుకుం. అలా లైసెన్సున్న తుపాకీ మా ఊళ్ళో ఒక్కటే... మా అయ్యది. నాన్నను మేం అయ్యా అనే పిలిచేవాళ్ళం.

అది నాటు తుపాకీ. గొట్టంలో మందు పోసి, సీసపు గుళ్ళు వేసి, కడ్డీతో దట్టించాలి. ఒకసారి దట్టించాక పేల్చడం తప్ప ఖాళీ చేసే సులువైన దారి లేదు. అందుకే అయ్య ఎప్పుడూ ఊరి బయటే పేల్చేసి, వట్టి గొట్టంతో ఇంటికి వచ్చేవాడు. మందున్న తుపాకీ గడప దాటకూడదని ఆయన నియమం. ఊరందరికీ తెలిసిన నియమమే అది.

ఆ నియమానికి పండగనాడే చిక్కొచ్చి పడింది... ఆ రోజు ఊరి బయట తుపాకీ మోగితే వేట దొరికిందని అర్థం. మోత వినపడగానే డప్పులతో ఎదురొస్తారు. వట్టిచేతులతో వచ్చేవాడు పేలిస్తే ఇంకేముంది... ఏడాది పొడుగునా నవ్వులపాలే.

ఆ ఏడు ఎవరికీ ఏమీ దొరకలేదు. విల్లంబులవాళ్ళు సరే... తుపాకీ ఉండి కూడా కుందేలైనా తేలేదంటే అయ్యకు తలకొట్టేసినట్టయింది. పేల్చకుండానే దొడ్డిదారిన ఇంట్లోకి వచ్చేశాడు. తుపాకీని లోపల గోడకు ఆనించి, కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి పోయాడు.

అయ్య చెల్లెలు సుక్రి అత్త కళ్ళు మామూలు కళ్ళు కావు. పండక్కి పుట్టింటికి వచ్చిన మనిషి... కనిపెట్టేసింది.

"ఓలమ్మా! బేగి రండే! మా అన్న దొంగలాగ దొడ్డిదారిన వచ్చీసినాడు!"

ఆడవాళ్ళంతా మా వాకిట్లో పడ్డారు. అత్త లోపలికి దూరి అయ్య తలపాగా చుట్టుకుంది, తుపాకీ భుజాన వేసుకుంది, అయ్య నడక నడిచి చూపించింది. అందరూ ఒకటే నవ్వు. నేనూ చప్పట్లు కొట్టాను. మా చెల్లెల్ని చంకనేసుకుని గుమ్మంలో నిలబడ్డ అమ్మ కూడా పడీపడీ నవ్వింది.

"ఒదినా... నువ్వే నా కణుజు దుప్పివి! కదలకు!"

అత్త గొట్టాన్ని అమ్మ వైపు తిప్పింది. తుపాకీకి వెనకవైపు ఉండే చిన్న సుత్తిని వేలితో వెనక్కి లాగింది. టక్కుమంది...

అప్పుడే అయ్య ఇంటి పక్కనుంచి వచ్చాడు.

"సుక్రీ... దించు. అందులో మందుంది."

వాకిలంతా గొల్లున నవ్వింది. అత్త అందుకుంది. "మందుంటే ఊరి బయటే పేల్చీవోడివి కాదేటి? పేడనీళ్ళకి బయపడి అబద్దాలు సెప్తన్నావు!"

ఆయన నియమం అందరికీ తెలుసు... అందుకే ఒక్కరూ నమ్మలేదు.

అయ్య మొహం నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. నెత్తురు చుక్క లేదు. పరుగెత్తలేదు. పరుగెత్తితే అత్త ఉలిక్కిపడి మీట నొక్కేస్తుంది కదా! తెచ్చిపెట్టుకున్న నవ్వుతో మెల్లగా నడిచాడు. "సరేనే... నాను ఓడిపోనాను. నెత్తిమీదే పొయ్యండి... అన్ని కుండలూ పొయ్యండి..."

అమ్మ నవ్వు ఆగిపోయింది. అయ్య గొంతు ఆమెకు అర్థమైంది. చెల్లెలికి తన వీపు అడ్డం పెట్టి గోడవైపు తిరిగి నిలబడింది.

అయ్య చెయ్యి చాచి, ఆ సుత్తి కింద బొటనవేలు దూర్చాడు. అదే క్షణంలో అత్త నవ్వుతూనే మీట నొక్కేసింది.

సుత్తి అయ్య వేలి మీద పడింది. గోరు చీలి రక్తం కారింది. తుపాకీ పేలలేదు.

వేలు తియ్యకుండానే తుపాకీ లాక్కుని, వాకిలి దాటి, ఎవరూ లేని మట్టిగట్టు వైపు పెట్టి, సుత్తి మళ్ళీ లాగి పేల్చాడు. కొండంతా మారుమోగింది. అత్త ఉన్నచోటే కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. ఊరి ఆ చివరివాళ్ళు వేట దొరికిందనుకుని డప్పులు కొట్టుకుంటూ పరుగున వచ్చారు... మమ్మల్ని చూసి డప్పులు ఆపేశారు.

అయ్య వేలికి పసుపు అద్ది గుడ్డ కడుతూ అమ్మ ఒకే ఒక్క మాట అడిగింది.

"నువ్వు పెరట్లోనే ఉండిపోతే ఏటయ్యేది?"



మరుసటి ఏడాది నుంచి పండగనాడు కూడా అయ్య ఊరి బయటే పేల్చి రావాలని, ఆ మోతకు డప్పులు కొట్టకూడదని ఊరంతా కట్టడి చేసుకుంది. అయినా అమ్మ మాత్రం ఆ తుపాకీని మళ్ళీ గడప లోపలికి రానివ్వలేదు. ఆ విషయంలో నేనెప్పుడూ అమ్మ వైపే.

ఇప్పుడు పండగకు కోడినో మేకనో కోసుకుంటున్నారు, వేట ఊసే లేదు. మంచిదే... కానీ తుపాకీ మోజు మాత్రం పోలేదు. ఇంట్లో ఒకటుంటే ధైర్యమంటారు, మేం జాగ్రత్తగానే ఉంటామంటారు. మా అయ్యంత జాగ్రత్తపరుణ్ణి నేను చూడలేదు. ఒక్క పూట సిగ్గుపడ్డాడు... అంతే.

మీ ఇళ్ళలోనూ తుపాకీ ఉండేదా? ఉంటే ఆ కబుర్లు రాయండి, చదివించుకుంటాను. ఇప్పటికీ ఇంట్లో ఉంచుకున్నవాళ్ళుంటే మాత్రం... మా అమ్మ అడిగినదానికి జవాబు చెప్పండి. అయ్య పోయేదాకా చెప్పలేకపోయాడు.