బాగా దగ్గరగా చూపించే స్కోపు

మూడేళ్ల కిందట కుందుర్పి దగ్గర మా వేరుశనగ చేను అడవిపందుల పాలవుతుంటే, కాల్చడానికి అనుమతి తెచ్చుకుని నాయన తుపాకీకి స్కోపు బిగించాను. దాని మీది చక్రం తిప్పితే దూరంలో ఉన్నది ఓ మోస్తరు దగ్గరగా చిన్నగానో, బాగా దగ్గరగా పెద్దగానో కనిపిస్తుంది.

పక్క బీడులో గొర్రెల మంద పెట్టుకున్న హనుమంతన్న అందులో కన్నుపెట్టి చూసి, “పెద్దదాంట్లో పంది తప్ప ఏమీ కనపడదప్పా. చిన్నదే పెట్టుకో. మా కుక్క ఈడే తిరుగుతాంటాది,” అన్నాడు.

నవ్వేసి, పెద్దదాంట్లోనే గురి సరిచేసుకున్నాను.

తెల్లారుతుండగా పంది చెవి మీది వెంట్రుకలు కూడా కనిపించాయి. కాల్చాను. పంది పారిపోయింది. దాన్ని తరుముతూ అడ్డొచ్చిన హనుమంతన్న కుక్క గుండు తగిలి చచ్చిపడింది.

ఆయన తిట్టలేదు. కుక్కను కంబళిలో చుట్టుకుంటూ, “మీ చేన్లో పందిని తరిమేకే వచ్చిండాదప్పా,” అన్నాడు.

పంట తీశాక ఎరువు కోసం ఊళ్లో అందరి చేలల్లో మంద పెట్టాడు. మా గట్టు దగ్గరికి వచ్చి, గొర్రెలను పక్కకు మళ్లించుకుపోయాడు. పిలవడానికి నాకు ముఖం చెల్లలేదు.