పుట్టదాకా సాగనంపడం

ఎనెలేసికి కోపం ముక్కు మీదే ఉంటుందని డెడ్జా కొండల కింద మా ఊళ్ళో చంటిపిల్లలకు కూడా తెలుసు. గనుల పనికి జోహాన్నెస్‌బర్గ్ పోయిన మొగుడు అక్కడే ఇంకో సంసారం పెట్టాడని తెలిసిన రోజున, అతను కూర్చునే కుర్చీ విరగ్గొట్టి పొయ్యిలో పెట్టి దుంపలు ఉడకేసుకు తింది. మర్నాటి నుంచి రోడ్డు పక్కన బంగాళాదుంపల బుట్ట పెట్టుకు కూర్చుంది. పిల్లలు లేరు. ఇరవై ఏళ్ళు దుంపలమ్మి ఇంటికి రేకుల కప్పు వేసుకుంది. బళ్ళో లెక్కలు చెప్పడానికి హాలెండ్ నుంచి స్వచ్ఛందంగా వచ్చిన హన్నెకేని, ఊరి పెద్ద ఆ రేకుల కప్పు చూసే ఎనెలేసి ఇంట్లో పెట్టాడు.

మొదటి వారం ఇద్దరికీ పడలేదు. మొక్కజొన్న పిండితో వండిన న్సీమా ముద్దను హన్నెకే చెంచాతో తినబోతే ఎనెలేసి చెంచా లాగేసుకుంది. రెండో వారం ఆ పిల్ల సంతకు వెళ్ళి నీలంరంగు కెటిల్ ఒకటి కొనుక్కొచ్చింది. అప్పటి నుంచి రెండేళ్ళపాటు తెల్లారగానే ఇద్దరూ పొయ్యి దగ్గర చేరి చిలగడదుంపలతో టీ తాగారు. కప్పుకి ఆరు చెంచాల చక్కెర.

"నా పళ్ళు ఊడిపోతాయమ్మా," అనేది హన్నెకే.

"ఊడితే నేను నమిలి పెడతాలే, తాగు," అనేది ఎనెలేసి.

ఊళ్ళో ఎవరడిగినా "మా అమ్మాయి" అనే చెప్పేది. ఆ మాట అనేటప్పుడు ఆమె మొహం చూడాలి.

వెళ్ళిపోయే ముందు రోజు హన్నెకే తన సామానంతా ముంగిట్లో పరిచింది. ఒకరికిస్తే ఇంకొకరికి కష్టంగా ఉంటుందని చీటీలు రాసి టోపీలో వేసింది. సైకిల్ పాస్టరుకు వచ్చింది, దుప్పటి పంతులమ్మ ఎస్నాత్‌కు. ఎనెలేసికి ప్లాస్టిక్ బకెట్ వచ్చింది. కెటిల్ మాత్రం ఆ సామానులో ఎక్కడా లేదు.

"రెండేళ్ళు కూతురు కూతురని నెత్తిన పెట్టుకున్నావు. బకెట్‌తో సరిపెట్టిందా," అంది పక్కింటి మలీటా.

"కూతురైతే తల్లి పేరు చీటీ మీద రాస్తుందా," అంది ఎనెలేసి, హన్నెకేకి వినపడేలాగే. పాత కెటిల్ కూడా దాచి పట్టుకుపోతోందని మనసులో అనుకుంది.

మర్నాడు పొద్దున ఆమె పొయ్యి వెలిగించలేదు. దోమతెరలో గోడవైపు తిరిగి పడుకుంది.

"అమ్మా, బయల్దేరుతున్నాను." గుమ్మంలోంచి మూడుసార్లు పిలిచింది హన్నెకే.

"తలనొప్పిగా ఉంది. వెళ్ళు."

మా వైపు చుట్టాన్ని గుమ్మంలో వదిలెయ్యరు. ఊరి చివర పెద్ద చెదపుట్ట దాకా ఇంటివాళ్ళు నడిచి సాగనంపుతారు. నలుగురిలో చెప్పలేని మాట ఏదున్నా ఆ దారిలోనే చెప్పుకుంటారు. పుట్ట దగ్గర చుట్టమే ఆగి, "చాలా దూరం వచ్చారు, ఇక తిరగండి" అనాలి. అలా అనేదాకా వెనక్కి తిరగకూడదు. గిట్టనివాణ్ణి కూడా మేం అలాగే పంపిస్తాం. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే ఎనెలేసి, రెండేళ్ళు తన పొయ్యి దగ్గర కూర్చున్న పిల్లను ఒంటరిగా పంపింది.

హన్నెకే పెట్టెలు మోసుకెళ్ళింది సైకిల్ టాక్సీ తొక్కే ఫోస్తినో. ఆ సాయంత్రమే అతను అత్తవారి ఊళ్ళో చావుకు వెళ్ళి, నెల తర్వాత తిరిగొచ్చాడు. వస్తూనే దుంపల బుట్ట దగ్గర ఆగాడు.

"తలనొప్పి తగ్గిందా పెద్దమ్మా? పాపం ఆ పిల్ల పుట్ట దగ్గర ఎంతసేపు కూర్చుందనుకున్నావు. ఒక బస్సు వదిలేసింది, రెండోదీ వదిలేసింది. కోపం తగ్గాక అమ్మ వస్తుందిలే అంటుంది. ఒళ్ళో నీలం కెటిల్."

ఎనెలేసి చేతిలో దుంప చేతిలోనే ఉండిపోయింది. "కెటిలా?"

"ఇటివ్వు, నేనిస్తాలే అన్నాను. ఇవ్వలేదు. నీ పేరు చీటీల్లో లేకపోతే ఊళ్ళోవాళ్ళు నిన్నేదో అంటారని రాసిందట. ఇది మాత్రం అమ్మకు నా చేత్తోనే ఇవ్వాలి అంది. మూడో బస్సుకి దాన్ని పట్టుకునే ఎక్కేసింది."

ఆ రోజు ఎనెలేసి ఎవర్నీ తిట్టలేదు. దుంపల బుట్ట ఎత్తుకుని ఇంటికెళ్ళి, ఆరని గుడ్డలన్నీ మళ్ళీ ఉతికింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పటి నుంచి టీకాలు వేసేవాళ్ళని కూడా పుట్టదాకా సాగనంపుతోంది. ఊరు నవ్వింది. నవ్వనీ అనుకుంది.

వానలు మొదలయ్యాక ఎస్నాత్ వచ్చి, ఆదివారం చర్చి అయ్యాక హన్నెకే ఫోన్ చేస్తుందని చెప్పింది. మా ఊళ్ళో సిగ్నల్ అందేది పుట్ట దగ్గర మాత్రమే. తప్పు నాదే తల్లీ, నిన్ను అలా పంపకూడదు, అని దారి పొడవునా గొణుక్కుంటూ నడిచింది ఎనెలేసి. తీరా ఫోన్ చెవికి ఆనించుకునేసరికి ఒక్క మాటా గుర్తు రాలేదు.

"వానలు బాగున్నాయి," అంది.

"టీ తాగుతున్నారా అమ్మా?"

"తాగుతున్నా. గిన్నెలో కాచుకుంటున్నా."

"ఇప్పుడెక్కడున్నారు?"

"పుట్ట దగ్గర."

"ఆలస్యంగా వచ్చారమ్మా."

"అవును తల్లీ. ఆలస్యంగా వచ్చాను."

ఆ పిల్ల ఇంకేదో అనబోతుండగా ఫోన్ తెగిపోయింది. ఎస్నాత్ నాలుగుసార్లు ప్రయత్నించినా కలవలేదు. చినుకులు మొదలయ్యాయి.

"తడిసిపోతాం, పద పెద్దమ్మా," అంది ఎస్నాత్.

"నువ్వెళ్ళు," అంది ఎనెలేసి. "నన్నింకా తిరగమనలేదు."