మూడో చుక్క

1993 ఆగస్టులో అశోక్‌నగర్‌లోని మా ముందుగదిలో నలుగురు ఎనిమిదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పేదాన్ని. నలుగురిదీ నారాయణగూడలో ఒకే బడి, ఒకే సెక్షన్. ఆ నెలంతా గ్రాఫులే. సమీకరణంలో ఎక్స్‌కు మూడు విలువలు తీసుకోవాలి, వై ఎంతో కట్టి పట్టిక రాయాలి, మూడు చుక్కలు పెట్టి గీత గీయాలి. వాళ్ల గీతలు ఎప్పుడూ తీగ లాగినట్టుండేవి. ఒక్క చుక్కా పక్కకు పోయేది కాదు. కూడికలే తప్పే పిల్లలకు చుక్కలు మాత్రం తప్పకపోవడం నాకు అనుమానం తెప్పించింది.

ఒకరోజు వాళ్లలో ఉన్న ఒక్క ఆడపిల్ల కాగితం తీసుకొని పట్టికతో సరిచూశాను. పట్టికలో వై విలువ ఐదు అని ఉంది. చుక్క మాత్రం మైనస్ ఐదు దగ్గర ఉంది.

"ఇదేమిటమ్మా? లెక్క పైకి పొమ్మంటే నువ్వు కిందికి పోయావు?"

"రెండు చుక్కలు పెట్టి స్కేల్ ఆనిస్తే మూడోది ఏడ ఉండాల్నో ఎర్కయితది టీచర్. ఆడనే పెడ్తం."

"ఎందుకు?"

"లేకుంటే సార్ కొడ్తడు" అని పక్కనున్న పిల్లవాడు చెయ్యి బోర్లించి చూపించాడు. కణుపుల మీద చర్మం లేచిపోయి నెత్తురు ఎండి ఉంది. చుక్క గీత మీద లేకపోతే చెక్క స్కేలు అంచుతో అక్కడే కొడతాడట.

"రెండు చుక్కలుంటే గీత ఎలాగూ వస్తుంది. మూడోది పెట్టేదే తప్పు పట్టుకోవడానికి. లెక్క ఎక్కడ పెట్టమంటే అక్కడే పెట్టండి. బయటపడితే పట్టిక మళ్లీ చూసుకోండి" అన్నాను.

"దెబ్బలు మీకు పడయ్ కద టీచర్!" అంది ఆ పిల్ల. మగపిల్లలు ముగ్గురూ పగలబడి నవ్వారు.

ఆ శనివారం బడిలో పెట్టిన పరీక్షలో ఆ పిల్ల నేను చెప్పినట్టే చేసింది. చుక్క బయటపడింది. పట్టిక మళ్లీ చూసుకునేలోపే సార్ వచ్చి పక్కన నిలబడ్డాడు. సాయంత్రం మా ఇంటికి వచ్చేసరికి ఆమె కుడిచేతి చూపుడువేలు వాచి నల్లబడింది, ముడుచుకోవడం లేదు. వెనకే తండ్రి వచ్చాడు. చిక్కడపల్లిలో షామియానాలు, ప్లేట్లు అద్దెకిచ్చే టెంట్ హౌస్ నడుపుతాడు.

"మీరే చెప్పిన్రంట, తప్పు పెట్టమని?"

"తప్పు దాచొద్దన్నాను."

ఆయన కూతురి వైపు తిరిగాడు. "ఏడ పెట్టాల్నో తెల్సు కదనే నీకు? తెల్సి బయట పెడ్తవా?"

బల్లమీది నా స్కేలు తీసుకొని భుజాల మీద కొట్టాడు. స్కేలు విరిగింది. చేతిలో మిగిలిన ముక్కతో మళ్లీ కొట్టాడు. పిల్ల తలకు చెయ్యి అడ్డం పెట్టుకుంటే ఆ దెబ్బ వాచిన వేలిమీదే పడింది. ఆ కేకకు ఎదురింటివాళ్లు బయటికొచ్చారు. నేను ఆయన మణికట్టు పట్టుకున్నాను. విదిలించాడు. నా మోచెయ్యి గుమ్మానికి కొట్టుకొని చిట్లింది. మగపిల్లలు బల్ల కిందికి దూరారు.

"రేపటి సంది ట్యూషన్ బంద్" అని జడ పట్టుకొని ఈడ్చుకుపోయాడు.

సోమవారం సాయంత్రం మోచేతికి కట్టుతోనే టెంట్ హౌస్‌కు వెళ్లాను. పిల్ల ఎడమచేత్తో ప్లేట్లు పేరుస్తోంది. పెళ్లి సామాను మాట్లాడుకోవడానికి ఇద్దరు వచ్చి ఉన్నారు. నేను మడతకుర్చీ లాక్కొని కూర్చొని, బల్లమీద గ్రాఫు కాగితం పరిచి, కొత్త స్కేలు, పెన్సిల్ పెట్టాను.

"పిల్లను పంపండి."

"గిరాకులున్నరమ్మా."

"అందుకే ఇప్పుడొచ్చాను."

ఆయన పళ్లు కొరికి, పిల్లను రమ్మని తల ఊపాడు. ఆరోజు పట్టికలో ఐదు రాసిన లెక్కే మళ్లీ ఇచ్చాను. ఎక్స్‌ను రెండింతలు చేసి మూడు తీసేస్తే వై. మొదటి రెండు చుక్కలు ఎడమచేత్తోనే సరిగ్గా పెట్టింది. మూడోసారి ఎక్స్ మైనస్ ఒకటి. మైనస్ రెండు, మైనస్ మూడు. రెండు మైనస్‌లు కనబడగానే గుణకారంలోలా ప్లస్ అవుతుందనుకొని మళ్లీ ఐదు రాసింది. ఆమె పెన్సిల్ ఆగింది. స్కేలు వైపు చూసింది, తర్వాత తండ్రి వైపు చూసింది. ఆయన అప్పటికే మా వెనక నిలబడి ఉన్నాడు.

చుక్క పైన పెట్టింది. గీత రావాల్సిన చోటికి చాలా దూరంగా.

"గదేంది? మల్ల బయట పెట్టింది!"

"ఆగండి" అన్నాను.

ఆగలేదు. గిరాకుల ముందే చెంప మీద కొట్టాడు. పిల్ల తల బల్లకు తగిలింది. పెన్సిల్ ఎగిరి ప్లేట్లలో పడింది. "అరె, ఛోడో భాయ్, చిన్న పిల్ల!" అని ఒకాయన లేచి తండ్రి చెయ్యి పట్టుకున్నాడు.

ఆమె లేచి పెన్సిల్ తెచ్చుకుంది. ముక్కులోంచి కారుతున్న నెత్తురు తుడుచుకుంది. చుక్కను ముట్టుకోలేదు. పట్టిక మొదటి వరుస నుంచి పెదవులు కదుపుతూ కిందికి వచ్చింది. మూడో వరుస దగ్గర ఆగి, ఐదు ముందు మైనస్ రాసింది. ఆ తర్వాతే నన్ను రబ్బరు అడిగింది.