ఉష ఇంటి ఫ్రెంచి ఫాల్

దివాకర్ గురించి ఒక మంచి మాట ముందే చెప్పేస్తాను, తరువాత చెప్పడానికి నాకు నోరు రాదు. మనిషి పనిమంతుడు. పార్సిప్పనీలోని మా అపార్ట్‌మెంట్లలో ఎవరి కారు మొరాయించినా జంపర్ కేబుళ్ళు పట్టుకుని పరిగెత్తేది అతనే. నన్ను నోరారా ‘ఆంటీ’ అని పిలిచేవాడు. ఇంటికెళ్ళి, ఆ చేతులతోనే పెళ్ళాం ఉషను కొట్టేవాడు.

మా రెండు ఇళ్ళకూ మధ్య ఒక్క గోడ. ఆరేళ్ళు విన్నాను. మొదట అతని గొంతు లేచేది, తరువాత ఏదో పగిలేది, ఆ తరువాత ఉష “వద్దండీ, వద్దండీ” అనేది. నేనేం చేసేదాన్ని? టీవీ సౌండు పెంచేదాన్ని. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ పెంచేదాన్ని.

మర్నాడు ఉష వస్తే వాచిన పెదవికి ఐసు పెట్టి, ఏదో పెద్ద ఆరిందాలా బుద్ధులు చెప్పేదాన్ని.

“గ్రీన్ కార్డ్ వచ్చేదాకా ఓర్చుకో అమ్మాయ్. పోలీసుల్ని పిలిచావనుకో, అతని కేసు పోతుంది. అతని వీసా మీద వచ్చిన డిపెండెంట్‌వి, నీదీ పోతుంది. ఇన్నేళ్ళు ఆగినదానివి, ఇంకొన్నాళ్ళు ఆగలేవా?”

“ఆయనా అదే అంటారు ఆంటీ. పైగా కోపమొస్తే చెయ్యి ఆగదే, నన్నేం చెయ్యమంటావ్ అంటారు.”

చెయ్యి ఆగదట! అదేదో పక్కింటివాడి చెయ్యి అయినట్టు. అయినా నేను నమ్మాను. కొందరి రక్తమే అంత అనుకున్నాను. ఉష కూడా నమ్మింది.

ఫాల్ వస్తోందంటే ఆ పిల్లకు వణుకు. ఆకులు రాలి, సాయంత్రం ఐదింటికే చీకటి పడే కాలం. దివాకర్ ఇంట్లో ఉండే గంటలు పెరిగేవి, దెబ్బలూ పెరిగేవి. పోయిన సెప్టెంబరులో లైబ్రరీ నుంచి ఒక పుస్తకం తెచ్చుకుంది. ఫ్రెంచివాళ్ళు ఈ కాలాన్ని ఎలా గడుపుతారో రాశారట అందులో.

“వాళ్ళు భోజనానికి గంటసేపు కూర్చుంటారట ఆంటీ. ఫోన్లుండవట. సూప్ కాచుకుని, క్యాండిల్ పెట్టుకుని కబుర్లు చెప్పుకుంటారట. రోజూ నడిచి వెళ్ళి బ్రెడ్ తెచ్చుకుంటారట. ఇల్లు నెమ్మదిగా ఉంటే మనిషి కూడా నెమ్మదిస్తాడేమో, ట్రై చేస్తాను.”

“తలగడ మారిస్తే తలనొప్పి పోతుందా?” అని కసిరాను. వినలేదు. పుస్తకంలో ఉన్నట్టే పది చవక స్వెటర్లు ఎవరికో ఇచ్చేసి ఒక్క మంచి ఉన్ని కోటు ఉంచుకుంది. తోటకెళ్ళి ఆపిల్ పళ్ళు కోసుకొచ్చింది. టేబుల్ మీద తెల్లగుడ్డ పరిచింది. మొదటి వారం దివాకర్ నవ్వుతూ తిన్నాడు. రెండో వారం ఆవకాయ ఏదే అన్నాడు. మూడో వారం “రోజూ ఈ ఆస్పత్రి తిండేంటే!” అని సెగలు కక్కుతున్న గుమ్మడికాయ సూపు గిన్నె ఎత్తి ఆమె మీదికి విసిరాడు. మణికట్టు నుంచి మోచేతి దాకా బొబ్బలు. చెయ్యి కుళాయి కింద పెట్టుకుని ఏడ్చి, నేల తుడిచి, మర్నాడు మళ్ళీ తెల్లగుడ్డ పరిచింది. పిచ్చితల్లి!

చివరికి నడక ఒక్కటే మిగిలింది. అదీ డాక్టరు షుగరు ఉందని దివాకర్‌ను బెదిరించాడు కనుక. శనివారం పొద్దున్నే మైలున్నర దూరంలోని బేకరీకి ముగ్గురం నడిచేవాళ్ళం. నేను పక్కనుంటే అతను నోరు పారేసుకోడని ఉష నన్ను లాక్కెళ్ళేది. చెత్త పారెయ్యడానికి కూడా కారు తీసే ఊరు మాది. అపార్ట్‌మెంట్లు దాటితే నడవడానికి దారే ఉండదు, రోడ్డు అంచు తెల్లగీతకు ఇవతల బిక్కుబిక్కుమంటూ పోవాలి.

అక్టోబరు మూడో శనివారం. బ్రెడ్డు పట్టుకుని తిరిగి వస్తున్నాం. ఒక పికప్ ట్రక్కు మమ్మల్ని ఒరుసుకుంటూ పోయింది, దాని అద్దం ఉష కోటు చేతికి తగిలింది. దివాకర్ “ఏయ్!” అని అరిచి ట్రక్కు వెనక భాగాన్ని అరచేత్తో ఫట్‌మని చరిచాడు.

ట్రక్కు ఆగింది. గుమ్మానికి పట్టనంత మనిషి దిగాడు. నా బండి మీద చెయ్యి వేస్తావా అంటూ వచ్చి ఒక్క తోపు తోశాడు. దివాకర్ ఆకులు నిండిన కాలువలో వెల్లకిలా పడ్డాడు. లేచాడు. లేవగానే ముఖం మీద గుద్దాడు వాడు. ముక్కు పగిలి నెత్తురు చొక్కా మీదికి కారింది. అయిపోయింది, దివాకర్ వీణ్ణి చంపేస్తాడనుకున్నాను.

దివాకర్ రెండు చేతులూ కోటు జేబుల్లో పెట్టుకున్నాడు.

“సారీ సర్. మై మిస్టేక్ సర్.”

వాడు ఇంకో గుద్దు గుద్దాడు. పెదవి చిట్లింది. చేతులు మాత్రం జేబుల్లోంచి రాలేదు. నేను ఫోన్ ఎత్తి నంబర్ ప్లేటు ఫోటో తీస్తున్నానని కేకలు పెడితే, వాడు ఉమ్మేసి వెళ్ళిపోయాడు.

“మూడు వారాల్లో గ్రీన్ కార్డ్ ఇంటర్వ్యూ ఆంటీ,” అన్నాడు దివాకర్ నెత్తురు తుడుచుకుంటూ, కొంచెం గర్వంగానే. “చెయ్యెత్తితే మొత్తం పోయేది. ఎంత కోపమొచ్చిందో తెలుసా? కంట్రోల్ చేసుకున్నా.”

ఉష అతని ముక్కు వైపు చూడలేదు. జేబుల వైపు చూస్తోంది.

ఇల్లు చేరి పది నిమిషాలు కాలేదు, గోడ అవతల మొదలైంది.

“నీ బోడి ఫ్రెంచి నడక వల్లే కదే ఇదంతా!”

కుర్చీ పడిన చప్పుడు. ఈసారి “వద్దండీ” వినపడలేదు.

“రోడ్డు మీద ఆగింది కదండీ చెయ్యి?” అంది ఉష. “వాడు రెండు గుద్దులు గుద్దినా ఆగింది. అంటే ఈ ఆరేళ్ళూ ఆపుకోగలిగి కూడా కొట్టారు నన్ను.”

తరువాతి దెబ్బకు మా గోడ అదిరింది. ఇంకోటి. ఇంకోటి. తరువాత బాత్‌రూమ్ తలుపు గడియ పడింది. లోపలినుంచి ఉష ఫోన్‌లో పోలీసులకు తమ అపార్ట్‌మెంట్ నంబరు ఇంగ్లీషులో ఒక్కొక్క అంకే చెబుతోంది.

ఇద్దరు పోలీసులు వచ్చారు, నేనూ బయటికొచ్చాను. ఉష మెట్ల మీద కూర్చుంది. కనుబొమ్మ చీలింది, ముందు పన్ను విరిగింది. దివాకర్ తన ముక్కు చూపించి ఎంతో మర్యాదగా, ఎవడో ట్రక్కువాడు మా ఇద్దరినీ కొట్టాడు ఆఫీసర్ అన్నాడు. “ఆంటీ అక్కడే ఉన్నారు, అడగండి.” నా వైపు తిరిగి తెలుగులో మెల్లగా అన్నాడు: “ఆంటీ, మీకు తెలుసు కదా. ఉషకీ కార్డు పోతుంది.”

నా మాటే నాకు అప్పజెప్పాడు, దుర్మార్గుడు! నాకు ఒళ్ళు మండిపోయింది.

“ట్రక్కువాడు ఈమె మీద చెయ్యి వెయ్యలేదు,” అన్నాను ఆఫీసరుతో. “కొట్టింది ఇతను. ఆరేళ్ళుగా కొడుతున్నాడు. గోడ అవతలినుంచి నేను వింటూనే ఉన్నాను.”

దివాకర్ చేతులు వెనక్కి విరిచి సంకెళ్ళు వేశారు. ఆఫీసరు రాసుకోవడం ఆపి నా వైపు చూశాడు.

“ఆరేళ్ళా? మరి ఒక్కసారైనా మాకెందుకు ఫోన్ చెయ్యలేదు, మేడమ్?”

ఉష కూడా తలెత్తి, నా జవాబు కోసం చూసింది.